చూరు – గోడకు ఆయుస్సు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చి మాటలాడుట పరిపాటి. అయితే పుస్తకము నిలుచుటకు బీరువా కావలెను. బీరువా నిలుచుటకు గోడ కావలెను. గోడ నిలుచుటకు చూరు కావలెను. తాటియాకులపై గ్రంథములు వ్రాసిన పూర్వపు లేఖకులు తమ వ్రాత నీటి వాత పడకుండ కాపాడుడని గ్రంథాంతమున చదువరులను వేడుకొనెడివారు. ఆ వేడుకోలునకు మొదట బదులు చెప్పవలసినది ఇంటి కప్పు. అందును ముఖ్యముగా గోడను దాటి వెలికి వచ్చిన ఆ రెండు మూడడుగుల అంచు. కావున నేటి ప్రసంగమునకు చూరే విషయము.

జహీరాబాదు ప్రాంతము ఎర్రనేల. ఈ నేల అడుగున లాటరైటు అను ఎర్రరాయి పరచుకొని ఉన్నది. ఇచటికి సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న బీదరు కోట చుట్టు అగడ్త ఈ రాతిలోనే తొలువబడినది. త్రవ్వినపుడు మెత్తగానుండి, గాలి తగిలినకొలది గట్టిపడుట ఆ రాతి స్వభావము. ఎర్రమట్టి స్వభావము అట్టిది కాదు. ఎండిన మట్టిగోడ కప్పు బరువును తరములపాటు మోయగలదు. తడిసిన మట్టిగోడ తన బరువును తానే మోయలేదు. ఎడతెగని వానలు కురిసిన సంవత్సరములలో మట్టిగోడ కూలి, దాని ప్రక్కన నిద్రించుచున్నవారు మరణించిన వార్తలు పత్రికలలో వచ్చుచునే ఉన్నవి. జనులు ఆ రాత్రి వానను నిందింతురు. కాని ఆ గోడ ఒక్క రాత్రిలో చెడినది కాదు. ఏటేట పూత కరగి, అడుగు తినివేయబడి, పగులులలోనికి నీరు దిగి, అది లోలోపల ఎన్నడో కూలినది. ఆ రాత్రి దాని బరువు మాత్రమే నేలకు చేరినది. కావున చూరును గూర్చి మాటలాడుట ఇంటి అందమును గూర్చి మాటలాడుట కాదు. ప్రాణములను గూర్చి మాటలాడుట.

పల్లెలలో పూర్వమునుండి రెండు తీరుల కప్పులు కానవచ్చుచున్నవి. ఒకటి, దూలములపై దంతెలు పరచి పైన మన్ను మెత్తిన చదునైన మిద్దె. రెండవది, నడుమ ఎత్తుగానుండి ఇరుప్రక్కలకు వాలిన పెంకుల కప్పు. ఈ రెండవదానికి నడికొప్పున వెన్నుదూలము, దానినుండి రెండువైపుల గోడలపైకి దిగు వాసములు, వాసములపై అడ్డముగా పట్టెలు, పట్టెలపై పెంకులు ఉండును. కుమ్మరి సారెపై గొట్టముగా లాగి, రెండుగా చీల్చి కాల్చిన గూనపెంకు మిక్కిలి పాతది. 1865లో బాసెల్ మిషనువారు మంగళూరులో యంత్రముతో అచ్చొత్తు పెంకుల కర్మాగారమును నెలకొల్పిరి. ఆ పిమ్మట ఒకదానికొకటి గాడితో తగులుకొను పెంకు దేశమంతట వ్యాపించెను. తెలుగునాట జనులు దానినే బెంగుళూరు పెంకు అందురు. పెంకు ఏదైనను చూరు ధర్మము ఒక్కటే.

రెండు వాలుల కప్పు ఇంటి నిడుపు గోడలపై చూరుగా దిగును. తక్కిన రెండు గోడలు వెన్నుదూలమువరకు త్రికోణాకృతిని లేచును. ఈ త్రికోణపు గోడల సంగతి కొంత తరువాత వచ్చును. చూరు లోపము అందరికంటె ముందు బయటపెట్టునవి అవియే.

చూరు కట్టుటకు పూర్వము మూడు ప్రశ్నలకు సమాధానము కావలెను. కప్పునకు వాలు ఎంత? చూరు గోడను దాటి వెలికి వచ్చుట ఎంత? చూరు అంచు నేలకు ఎంత ఎత్తున నిలుచును? ఈ మూడును ఒకదానితో ఒకటి ముడివడినవి. ఒకదానిని మార్చినచో తక్కిన రెండును మారును.

పెంకుల కప్పునకు రెండడుగుల వెడల్పునకు ఒక అడుగు ఎత్తు చొప్పున వాలు ఉండుట సామాన్యముగా తగినది. అంతకంటె చదునుగానున్నచో నీరు మందగించును; ఎదురుగాలి ఆ నీటిని పెంకుల సందులలోనికి ఎగదన్నును. ఇక ఒక ఇంటి గోడ ఎత్తు 9 అడుగులనుకొనుడు. చూరు 3 అడుగులు వెలికి వచ్చినచో, ఆ మూడడుగులలో కప్పు ఒకటిన్నర అడుగు క్రిందికి దిగును. అంచు నేలకు ఏడున్నర అడుగుల ఎత్తున నిలుచును. మనిషి తల తగులక దాటిపోవును. గోడను 8 అడుగులకే ఆపి, చూరును 4 అడుగులు చాచినచో అంచు 6 అడుగులకు దిగును. నెత్తిన గంప పెట్టుకొని వచ్చు ఇల్లాలికి ఆ చూరు నిత్యము అడ్డమే. కావున చూరు ఎంత చాపవలెనో నిర్ణయింపక గోడ ఎత్తును నిర్ణయించుట తగదు.

వాన విషయమున చూరు చేయు మేలును లెక్కతోనే చూడవచ్చును. గాలితో కూడిన వాన నిట్టనిలువుగా పడదు. నిలువుగీతకు 30 డిగ్రీలు ఏటవాలుగా పడు వాననుండి మూడడుగుల చూరు, తన అంచునుండి క్రిందికి 5 అడుగులకు పైగా గోడను కాపాడును. అంచు ఏడున్నర అడుగుల యందుండుటచేత, గోడ అడుగున రెండడుగుల పైచిల్లర మాత్రమే తడియును. అదే ఇంటికి చూరు రెండడుగులే ఉన్నచో, అంచు 8 అడుగుల యందుండి మూడున్నర అడుగుల గోడనే కాపాడును. అడుగున నాలుగున్నర అడుగుల గోడ వానపాలగును. వాసము ఒక్క అడుగు మిగిలినదని సంతోషించిన యజమాని రెండడుగులకు మించిన గోడను వానకు అప్పగించినవాడగును.

చూరు ఎంత చాచినను గోడ అడుగుభాగమును పూర్తిగా కాపాడజాలదు. పైనుండి జారిన నీరు నేలను కొట్టి చిమ్మును. అందుచేత గోడ పాదమును రెండున్నర అడుగుల ఎత్తువరకు రాతితో కట్టవలెను. ఈ ప్రాంతమున ఎర్రరాయి దొరకును. తాండూరు నాపరాయియు దూరము కాదు. వానలో పొలమునకు పోవు రైతు గొంగడిని కొప్పెరగా వేసికొని, కాళ్లకు చెప్పులు తొడుగును. గోడకు చూరు కొప్పెర. రాతి పాదము చెప్పులు. రెండింటిలో ఏది లేకున్నను ప్రయాణము సాగదు.

ఇక ఎండ సంగతి. జహీరాబాదు ఉత్తర అక్షాంశము సుమారు 17.7 డిగ్రీలు. మే నెల రెండవ వారమునను, ఆగస్టు మొదటి దినములలోను మధ్యాహ్న సూర్యుడు ఇచట సరిగా నడినెత్తికి వచ్చును. ఆ రెంటి నడుమ దినములలో సూర్యుడు కొంచెము ఉత్తరముగానుండును. సంవత్సరములో మిగిలిన కాలమంతయు దక్షిణముగానుండును. డిసెంబరు మూడవ వారము ముగియునప్పటికి మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున సుమారు 49 డిగ్రీల ఎత్తుననే ఉండును. పైని చెప్పిన మూడడుగుల చూరు దక్షిణపు గోడపైనున్నదనుకొనుడు. మార్చి, సెప్టెంబరు నెలల మూడవ వారము దాటినపుడు మధ్యాహ్నపు నీడ ఆ గోడనంతటిని కప్పును. డిసెంబరులోనో, నీడ మూడున్నర అడుగులకు మించదు. గోడ అడుగున నాలుగడుగుల మేర వెచ్చని ఎండ సోకును. వేసవిలో నీడయు చలికాలమున ఎండయు ఇచ్చు ఈ ఏర్పాటునకు యంత్రము అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఒక్క కొలత చాలును.

కాని ఉదయ సాయంకాలముల ఎండ తక్కువ ఎత్తునుండి వచ్చుటచేత తూర్పు పడమటి గోడలను చూరు అంతగా కాపాడజాలదు. కావున ఇంటి నిడుపును తూర్పు పడమరలుగా పెట్టి, నిడుపు గోడలు ఉత్తర దక్షిణములకు మొగము చేయునట్లు కట్టుట మేలు. ఇక్కడనే ఒక చిక్కు ఏర్పడుచున్నది. ఇంటిని అట్లు పెట్టినచో త్రికోణపు గోడలలో ఒకటి సరిగా పడమటికి తిరుగును. నైరృతి ఋతుపవనములు పడమటి దిక్కునుండి, నైరృతినుండి వీచును. ఈ ప్రాంతపు వానలో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకు ఆ గాలితోనే వచ్చును. అనగా సాయంకాలపు ఎండయు, ముసురువానయు వచ్చి కొట్టునది ఏ చూరును లేని ఆ త్రికోణపు గోడనే. ఇంటిలోకెల్ల ఎత్తైన గోడయు అదియే.

ఈ చిక్కునకు మూడు మార్గములు కలవు. మొదటిది, వెన్నుదూలమును, గోడలపై పరచిన పట్టెలను త్రికోణపు గోడను దాటించి అడుగున్నర వెలికి సాగించి, ఆ మేరకు కప్పును పొడిగించుట. ఇది అన్నిటికంటె చౌక. అయితే గోడ కట్టకముందే దూలము పొడవును నిర్ణయింపవలెను. కోసిన దూలమును అతికి పొడిగించుట ప్రమాదము. రెండవది, చూరు ఎత్తున ఆ గోడకు చేర్చి ఒంటి వాలుగా వసారా దించుట. దీనివలన గోడ క్రింది సగము పూర్తిగా కాపాడబడును. కట్టెలకు, పనిముట్లకు చోటు కూడ దొరకును. మూడవది, పడమటివైపు త్రికోణపు గోడయే లేకుండ కప్పును ఆ ప్రక్కకును వాల్చుట. దీనికి వడ్రంగి నేర్పు, కలప ఎక్కువ కావలెను. పేదవాని ఇంటికి మొదటి రెండు మార్గములను కలిపి అనుసరించుట ఉత్తమము.

చూరు గాలిలో చాచిన చేయి వంటిది. చేయి ఎంత చాచిన భుజముపై అంత బరువు. వాసము గోడలోపల ఎంత పొడవున్నదో అందులో మూడవ వంతుకు మించి వెలికి సాగకుండుట క్షేమము. వాసమును గోడ తలమీది పట్టెపై కూర్చుండబెట్టుటకు గాడి తీయుదురు. ఆ గాడి వాసము మందములో మూడవ వంతుకు మించినచో చూరు విరుగునది సరిగా అచ్చటనే. చూరు ఇంకను పెద్దది కావలెనన్నచో గోడనుండి ఏటవాలుగా ఊతకొయ్యలు పెట్టవలెను. మట్టిగోడ ఊతకొయ్యను పట్టుకొనజాలదు. కనుక అట్టి ఇంటికి చూరు క్రింద స్తంభములు నిలిపి అరుగు కట్టుట పూర్వాచారము. ఆచారమని తలచిన ఆ అరుగు నిజమునకు చూరు బరువునకు పుట్టిన ఉపాయము. బాటసారికి నీడ, ముసలివారికి కూర్చుండు చోటు దానివెంట వచ్చిన లాభములు.

ఊతకొయ్యకు తెలుగు శిల్పులు ఎంతటి గౌరవమిచ్చిరో చూడదలచినవారు ములుగు జిల్లా పాలంపేటకు పోవలెను. రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ గుడి రాతి చూరు పలకల క్రింద, స్తంభములనుండి ఏటవాలుగా లేచిన నల్లరాతి మదనికా విగ్రహములున్నవి. అవి నిలిచిన చోటు ఊతకొయ్య నిలువవలసిన చోటు. చూరును మోయుచున్నట్లే వానిని చెక్కిరి. శిల్పశాస్త్రములలో చూరు ఆకృతికి కపోతమని పేరు. గుడికైనను గుడిసెకైనను చూరు లేనిదే కట్టడము సంపూర్ణము కాదని పూర్వులు గ్రహించిరి.

కలప విషయమున ఈ ప్రాంతమున ముదురు తాటి, వేప, వెదురు వాడుకలోనున్నవి; కలిగినవారు టేకు వాడుదురు. తాటిచెట్టులో వెలుపలి నల్లచేవయే బలము; లోని మెత్తని భాగమును చెక్కివేయవలెను. గాలికి, తడికి మొదట గురియగునవి వాసముల కొసలు. వాటిని కొంచెము లోపలికి ఏటవాలుగా కోసి, తారు పూసి, ఎదుట ఒక పలక కొట్టినచో నీరు కొసల నారలోనికి దిగదు. వాసము గోడలో పాతుకొనిన చోట మట్టితో బిగియగట్టక గాలి ఆడునట్లు విడిచినచో చెదలు పట్టుట తగ్గును.

పెంకు పరచుటలో ఒక చిన్న మెలకువ కలదు. ప్రతి పెంకును తన క్రింది పెంకు తలపై ఆని కూర్చుండును. చూరు అంచుననున్న మొదటి వరుసకు క్రింద పెంకు లేదు. అందుచేత అచట వేయు తొలి పట్టె తక్కినవాటికంటె ఒక పెంకు మందమంత ఎత్తుగానుండవలెను. అట్లు చేయనిచో మొదటి వరుస తలవాల్చి, రెండవ వరుసతో సందు ఏర్పడి, చూరే కారుట మొదలగును. వేసవిలో వచ్చు గాలిదుమారము చూరు క్రిందికి చొచ్చి పెంకులను పైకి ఎత్తును. కావున అంచు వరుసలను తీగతో పట్టెకు కట్టుట గాని, సున్నముతో అతుకుట గాని చేయవలెను. కొప్పు కంటె అంచే ముందు ఎగురునని మేస్త్రీలు ఎరుగుదురు.

చూరు గోడను కాపాడినది సరే. ఆ నీరు ఎచటికి పోవలెను? 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పునకు కప్పు పరచిన ఇంటిపై ఒక్క అంగుళము వాన కురిసినచో 50 ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 1,400 లీటర్లు దిగును. 15 లీటర్ల బిందెతో కొలిచినచో ఒక్కొక్క చూరునుండి సుమారు 47 బిందెలు. ఇంత నీరు ఒక్క గీతవెంట పడి నేలను కోయును. ఆ గీత వెంట అడుగున్నర వెడల్పున గులకరాళ్లు గాని నాపరాళ్లు గాని పరచి, గోడకు ఎదురుగా వాలుండునట్లు చిన్న కాలువ తీసి, పెరటి చెట్లకో ఇంకుడు గుంతకో మళ్లింపవలెను. నీటికి కరవుపడు మెట్టప్రాంతమున చూరునీరు శత్రువు కాదు. దారి చూపనపుడు మాత్రమే శత్రువగును.

దారి చూపకున్నచో అది పొరుగువాని గోడకు చేరును. పల్లెలలో చూరునీటి తగవులు ఎన్ని తరములనుండి ఉన్నవో చెప్పుట కష్టము. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున ఇండ్ల తగవులను చెప్పుచు, పొరుగిండ్ల కప్పుల నడుమ నాలుగు అంగుళముల ఎడమైనను ఉండవలెనని, లేదా ఒకటి రెండవదానిపై కమ్ముకొనియైనను ఉండవలెనని నియమించినది. పూర్వపు రోమను న్యాయశాస్త్రమున పొరుగు స్థలముపై చూరునీరు విడుచు హక్కునకు ప్రత్యేకముగా ఒక పేరే కలదు. ఖండములు వేరైనను మనుష్యుల తగవు ఒక్కటే. ఈ తగవునకు మూలము చూరు కాదు, పునాది. హద్దునకు ఒక్క అడుగు విడిచి పునాది త్రవ్వినవాడు మూడడుగుల చూరు వేయనేరడు. వేసినచో పొరుగువానితో వైరము. వేయకున్నచో తన గోడకు చేటు. నాలుగడుగులు లోపలికి జరిగి పునాది తీసినవానికి రెండును లేవు.

కాలము మారినది. పెంకుటిండ్లు తగ్గి సిమెంటు స్లాబులు, రేకులు వచ్చినవి. దీనికి కారణములు లేకపోలేదు. మంచి కలప ప్రియమైనది. గూన తిరుగవేయు పనివారు అరుదైరి. కోతులు గుంపులుగా వచ్చి పెంకులను పగులగొట్టుచున్నవి. పెంకు విడిచినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. అయితే పెంకుతోపాటు చూరును కూడ విడుచుట అవసరము కాదు. స్లాబును గోడను దాటించి రెండడుగులు చాపవచ్చును. అంచు అడుగున ఒక సన్నని గాడి విడిచినచో నీరు అడుగుభాగమున ప్రాకి గోడకు చేరక అచటనే తెగిపడును. కిటికీలపై సజ్జలకును ఇదియే నియమము. రేకును మాత్రము ఆధారము లేక ఒక అడుగుకు మించి చాపరాదు; గాలికి వంగి లేచిపోవును. ఇంకను చాపవలెనన్నచో క్రింద పట్టె, ఊత ఉండితీరవలెను.

ఇదివరకే చూరు లేక కట్టిన ఇండ్లకును ఉపాయము కలదు. పడమటి గోడకు ముందు స్తంభములపై ఒంటి వాలు వసారా దించవచ్చును. అది కుదరనిచో గోడ పాదమునకు రెండున్నర అడుగుల ఎత్తున రాతి తొడుగు కట్టి, పైభాగమునకు ఏటేట పూత వేయవలెను. మృగశిర కార్తెకు ముందే కప్పునెక్కి పగిలిన పెంకులను మార్చుట, చూరు కాలువను శుభ్రపరచుట పూర్వులు పాటించిన క్రమము. వాన మొదలైన తరువాత చేయు మరమ్మతు గోడకు మేలు చేయదు.

ఈ గ్రంథాలయమునకు వర్తించు మాటలు రెండు. పుస్తకముల బీరువాలను పడమటి గోడకు ఆనించి పెట్టరాదు. పెట్టవలసివచ్చినచో గోడకు బీరువాకు నడుమ జానెడు ఎడముండవలెను. రాబోవు కాలమున కొత్త గది కట్టునపుడు ఖర్చు తగ్గించుటకు మొదట కొట్టివేయు పద్దు చూరు కాకుండ చూడవలెను. గోడ తడిసిన గదిలో ఒక్క ముసురుకాలమునకు బూజుపట్టిన పుస్తకములను మరల కొనుటకు అగు వ్యయము ఆ చూరు వ్యయమును ఎన్నో రెట్లు మించును. వానిలో కొన్ని కొందమన్నను దొరకనివి.

ఇల్లు కట్టుటలో చూరు వంతు చివర వచ్చును. తలచుట మాత్రము మొదటనే జరుగవలెను. గోడ ఎత్తు, దూలము పొడవు, పునాది హద్దు, ఇంటి దిక్కు అన్నియు దానిని అనుసరించి నడచునవే. ముగ్గు పోసి పునాది గుర్తు పెట్టు దినముననే యజమాని, మేస్త్రి, వడ్రంగి ముగ్గురును కలిసి, గోడ గీతకు వెలుపల చూరు గీతను కూడ ఒక తాడుతో వేసి చూడవలెను. ఆ రెండవ తాడు తన స్థలములోనే పడినచో పని మొదలుపెట్టవచ్చును. పడనిచో మొదటి తాడును లోపలికి జరుపవలెను. ఆ దినమున జరుపుటకు వ్యయము లేదు. గోడ లేచిన పిమ్మట జరుపుటకు వీలు లేదు.